కెప్టెన్ టౌసిగ్ ఇచ్చిన మాట

ఇగ్నాట్స్ టౌసిగ్ చెంచా ముట్టుకోలేదు.

శనివారం నిప్పు ముట్టకూడదని శుక్రవారం పొద్దు వాలకముందే పొయ్యిలో పెట్టిన చిక్కుడుగింజల కుండ బల్ల మధ్యలో ఉంది. మూత తీసి చాలాసేపయింది. యుద్ధానికి ముందు అందులో బాతు మాంసం ఉడికేది. ఇప్పుడు టర్నిప్ ముక్కలూ, కాస్త బార్లీ. అదీ చల్లారితే గొంతు దిగదని హెర్మీనాకి తెలుసు. అయినా మామగారు చెంచా ఎత్తకుండా కోడలు ఎలా ఎత్తుతుంది?

"అందరి ముందూ," అన్నాడు ముసలాయన. "మా నాన్న నిలబడ్డ చోట, నేను నిలబడే చోట. అందరి ముందూ!"

"భోంచెయ్యండి నాన్నా," అన్నాడు రోబర్ట్.

"నువ్వు మాట్లాడకు. మాట్లాడాల్సిన చోట నోరు పెగల్లేదు, ఇక్కడొచ్చి నాకు భోజనాల సంగతి చెప్తున్నావా? ఆ ఆడమనిషి ప్రార్థనాలయంలో మేడమీంచి దిగి మగవాళ్ళ మధ్యకి వచ్చింది. తోరా గ్రంథపు చుట్ట విప్పి ఉన్న బల్లమీద చెయ్యి ఆనించి, చదివేవాణ్ణి ఆపేసింది. నీ పేరెత్తి అడిగింది. నువ్వేం చేశావు? టోపీ సర్దుకున్నావు!"

నిజమే. మేడమీది ఆడవాళ్ళ వరండాలోంచి హెర్మీనా కూడా చూసింది. సర్దుకోవలసిన అవసరమేమీ లేని టోపీ అది.

"ఎక్కడో తూర్పున గలీషియా నుంచి యుద్ధానికి పారిపోయి వచ్చినవాళ్ళు," అంది హెర్మీనా, మామగారికి కాస్త చల్లగా ఉంటుందని. "వాళ్ళ పద్ధతులు వాళ్ళవి. ఇక్కడ అలా అరవకూడదని తెలీదు పాపం."

"పద్ధతే!" అని బల్ల గుద్దాడు ఇగ్నాట్స్. "నీకు తెలీక అంటున్నావు. అది మన పద్ధతే. అన్యాయం జరిగిందనుకున్నవాడు ఎవడైనా సరే తోరా చదవడం ఆపించి అడగొచ్చు. వింటామని పెద్దలు మాటిచ్చేదాకా చుట్ట అక్కణ్ణుంచి కదలకూడదు. నా చిన్నప్పుడు ఒకసారి చూశాను. ఆ ఆల్ట్‌మన్ ఉన్నాడే, మన యూదు సమాజానికి అధ్యక్షుడు, గొప్ప వైన్ వ్యాపారి, వాడికీ తెలీదు. బంట్రోతుని పిలిచి గెంటించబోయాడు. రబ్బీ అడ్డుపడ్డాడు కనక పరువు దక్కింది."

ఆ పరువు ఎవరిదో ఆయన చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఆ ఆడమనిషి పేరు బ్రైండెల్. ఆమె మొగుడు మెండెల్, సైన్యంలో రోబర్ట్ కెప్టెన్‌గా ఉన్న కంపెనీలోనే సిపాయి, ఇటలీ సరిహద్దు కొండల్లో చచ్చిపోయాడు. అతని మూడు నెలల జీతం ఇమ్మని ఆమె బ్రున్‌లోని మిలిటరీ ఆఫీసుకి వెళ్తే, ఆ జీతం ముట్టింది, మీ కెప్టెన్ తన గౌరవం మీద మాటిచ్చి చెప్పాడు, వెళ్ళమన్నారు. ఇవాళ తోరా ముందు ఆమె అడిగింది అదే: "కెప్టెన్ ఇచ్చానన్నాడట. ఆ మాట ఇక్కడ అనమనండి."

"రేపు పొద్దున ప్రార్థన అయ్యాక రబ్బీ విచారణకి కూర్చుంటాడు," అన్నాడు ఇగ్నాట్స్. కోపం కాస్త దిగింది. "వెళ్ళి ఒక్క ముక్క చెప్పు. మెండెల్ జీతం మెండెల్ చేతిలో పెట్టాను. అంతే కదురా? ఎంతసేపు?"

రోబర్ట్ కిటికీకేసి చూశాడు. కిటికీలో చూడ్డానికేమీ లేదు, ఎదురింటి గోడ తప్ప.

"అంతే కదురా?" అని ఇంకోసారి అడిగాడు తండ్రి.

"అంతే నాన్నా."

ముసలాయన అప్పుడు చెంచా తీసుకున్నాడు. హెర్మీనా మాత్రం తీసుకోలేకపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొగుడి 'అంతే'లు ఎన్నో విన్నది; ఈ అంతే వేరు.

*

పడగ్గదిలో అతని యూనిఫారం బీరువా తలుపుకి వేలాడుతోంది. శరదృతువులో ఇంటికి వచ్చినప్పుడు నడుముకి కత్తి లేదు. కంపెనీకి మూడు నెలల జీతాలు అందలేదని సిపాయిలు ఆఖరి దాడికి ముందే ఫిర్యాదు చేశారు. అందరికీ పంచానని కెప్టెన్ అన్నాడు. పంచినప్పుడు పక్కనున్నాడన్న సార్జెంటు పోయాడు, చెప్పగల సిపాయిలు సగంమంది మట్టిలో, సగంమంది ఇటలీవాళ్ళ చెరలో. ఏదీ తేలలేదు. తేలలేదు కనక కత్తి తీసుకున్నారు, హోదా ఆపేశారు, సగం జీతమిస్తామని ఇంటికి పంపి, తేలేదాకా ఆ సగమూ ఆపేశారు.

ఊళ్ళో యూదులందరికీ కారణం క్షణంలో తెలిసిపోయింది: మనవాడు కనక. ఆ కారణం ఎవరికైనా ఎంత తేలిగ్గా నోటికొస్తుందో! అన్ని వేళలా అబద్ధమూ కాదు, అదొక్కటే చిక్కు. 'మన కెప్టెన్' అన్నారు. వకీలు ఖర్చుకి ప్రార్థనాలయం గుమ్మంలో డబ్బా పెట్టారు. బకాయి జీతం కోసం అర్జీ మీద అర్జీ పెట్టించారు. హెర్మీనా వీధిలో నడిస్తే ఎన్నడూ పలకరించని ఆడవాళ్ళు ఆగి చెయ్యి పట్టుకునేవాళ్ళు. ఆమెకది బాగానే ఉండేది. ఎందుకు దాచాలి, చాలా బాగుండేది.

తలుపు వేసి అంది, "చెప్పు."

"ఏం చెప్పను?"

"నువ్వు చెప్పనిది చెప్పు. మామయ్యగారికి చెప్పింది కాదు."

రోబర్ట్ మంచం అంచున కూర్చున్నాడు. బూట్లు విప్పబోయి మానేశాడు.

"హార్టెనెగ్ అని ఒక లెఫ్టినెంట్," అన్నాడు. "పెద్ద వంశం. మా సైన్యంలో ఆఫీసర్లందరూ ఒకళ్ళనొకళ్ళు 'నువ్వు' అనుకోవాలి, అది పద్ధతి. నాతో మాత్రం వాళ్ళు ఆ పిలుపే రాకుండా మాటలు తిప్పుకునేవాళ్ళు. 'కెప్టెన్ వస్తున్నాడా', 'కెప్టెన్‌కి ఉప్పు కావాలా'. ఎదురుగా కూర్చున్నవాణ్ణి, హెర్మీనా! ఉప్పు అందించడానికి కూడా."

"ఊఁ."

"ఒక సాయంత్రం హార్టెనెగ్ నా గుడారానికి వచ్చాడు. పేకాటలో పోగొట్టుకున్నాడు. ఆ బాకీ మర్నాడు పొద్దుగుంకేలోగా తీర్చకపోతే యూనిఫారం విప్పేయాలి. అదీ పద్ధతే. దర్జీవాడి బాకీ చచ్చేదాకా ఉంచుకోవచ్చు, పేకాట బాకీ మాత్రం కుదరదు. 'టౌసిగ్, నువ్వొక్కడివే నన్ను కాపాడగలవు' అన్నాడు. 'నువ్వు' అన్నాడు."

హెర్మీనాకి ఇంక వినాలని లేదు. కానీ అతను ఆగలేదు.

"జీతాల పెట్టె నా మంచం కిందే ఉంది. మూడు రోజుల్లో వాళ్ళ మామ డబ్బు పంపుతాడన్నాడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. మర్నాడే దాడి మొదలైంది. ఎవరికి పంచాలో వాళ్ళు పంచేలోపే పోయారు. అతను మాత్రం బతికాడు, డబ్బు తిరిగివ్వలేదు. నన్ను విచారించినప్పుడు విచారించేవాళ్ళ వరసలో మూడో కుర్చీలో కూర్చున్నాడు."

"కూర్చుని?"

"గోళ్ళు చూసుకున్నాడు."

"అతని పేరు చెప్పలేకపోయావా?"

"మాటిచ్చాను."

"ఇచ్చావా!" అంది హెర్మీనా. గొంతు పైకి పోతోందని తెలిసి, పక్కగదిలో మామగారున్నారని గుర్తొచ్చి, నొక్కిపెట్టి అంది. "అహ, గొప్ప మాట. ఆ లెఫ్టినెంటుకిచ్చిన మాట నిలబెట్టుకోడానికి విచారణలో ఇంకో మాటిచ్చావు, పంచేశానని. అది మాత్రం అబద్ధపు మాట. అవునా కెప్టెన్‌గారూ? మీ సైన్యంలో దీన్నేమంటారండీ? దీనికీ ఏదో పద్ధతి ఉండే ఉంటుంది."

"పంచలేదంటే డబ్బెక్కడని అడుగుతారు."

"అడిగితే?"

"అడిగితే కోట జైలు. ఎన్నాళ్ళో వాళ్ళిష్టం. ఆగిన జీతం ఇంక రాదు. నాన్న తోలు కొట్టు ఇప్పటికే సైన్యం ఖాళీ చేసేసింది. నువ్వూ నాన్నా ఏం తింటారు?" అని తల ఎత్తకుండానే అన్నాడు, "ఒకసారి అన్న అబద్ధమేగా. రేపు ఇంకోసారి అనేస్తాను."

ఇక్కడ హెర్మీనా ఏమనాలో మనకందరికీ తెలుసు. అనొద్దు అనాలి. వెళ్ళి నిజం చెప్పు అనాలి. ఆమె అనలేదు. కోట జైలు ఒక్కటే చెవిలో మోగుతోంది. వీధిలో చెయ్యి పట్టుకునే ఆడవాళ్ళు కళ్ళముందు వరసగా నిలబడ్డారు.

"నువ్వేం అనక్కర్లేదు," అంది చివరికి. "ఆవిడే వద్దనుకుంటే ఎవరూ ఏమీ అనక్కర్లేదు. నేను వెళ్ళి మాట్లాడతాను."

రోబర్ట్ ఆపలేదు. ఆమె శాలువా కప్పుకుంటుంటే తలుపు తీసి పట్టుకున్నాడు కూడా.

*

కాందిశీకుల్ని పాత బడిలో పెట్టారు. తరగతి గదుల్లో దుప్పట్లు అడ్డంగా కట్టి, దుప్పటికీ దుప్పటికీ మధ్య ఒక సంసారం. నల్లబల్ల మీద ఎవరివో పేర్లు రాసి ఉన్నాయి.

బ్రైండెల్ కిటికీ దగ్గర ఊరికే కూర్చుని ఉంది. శనివారం, సబ్బాతు, దేవుడు చెప్పిన విశ్రాంతి రోజు కదా, చేతికి పని ఉండదు. హెర్మీనాని చూసి లేచింది.

"కూర్చోండి అమ్మగారూ. కుర్చీ లేదు, పెట్టె ఉంది."

పోయిన వారం ఇదే మనిషి వంటింటి గుమ్మంలోకి వచ్చి కెప్టెన్‌గారితో మాట్లాడాలంటే, రెండు టర్నిప్పులు చేతిలో పెట్టి తలుపేసింది హెర్మీనా. ఇప్పుడు ఆమె పెట్టె తుడిచి కూర్చోమంటోంది. హెర్మీనా కూర్చోలేదు.

"చూడు బ్రైండెల్," అంది. దారంతా కూడబలుక్కున్న మాటలే, అయినా ముద్దముద్దగా వచ్చాయి. "మా మామగారు పెద్దవారు. ఈ రభస తట్టుకోలేరు. నీ కష్టం నాకు తెలుసు. ఆ మూడు నెలల జీతం ఏపాటిది చెప్పు? అంతకంటే ఎక్కువే ఇస్తాను." చెవులకున్న కమ్మలు తీసింది. ఎర్రరాళ్ళవి, పెళ్ళినాటివి. బ్రైండెల్ అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "రేపు నువ్వు రాకపోతే చాలు."

బ్రైండెల్ మూసిన గుప్పిటని చూసుకుంది. తర్వాత హెర్మీనా మొహంలోకి చూసింది. కోపం లేదు, ఏదో తప్పు తను చేసినట్టు సిగ్గు.

"ఇవాళ సబ్బాతు, అమ్మగారూ," అంది నెమ్మదిగా. "ఇవాళ బేరం ఆడకూడదు."

హెర్మీనా మొహం చెవులదాకా మండిపోయింది. రోజూ ప్రార్థన చేసే ఇల్లు ఆమెది. నిప్పు ముట్టుకోని, డబ్బు ముట్టుకోని రోజున, ఆకలితో ఉన్నదాని గుప్పిట్లో నగలు కుక్కి బేరం పెట్టింది. ఇంటినుంచి ఇక్కడిదాకా నడిచిన దారిలో ఆ సంగతి ఒక్కసారి కూడా తోచలేదు.

బ్రైండెల్ కమ్మలు పెట్టె మీద పెట్టింది.

"మీ ఆయన్ని నేను తిట్టడం లేదు," అంది. "మా మెండెల్ సెలవుకొచ్చినప్పుడు చెప్పేవాడు, మా కెప్టెన్ మంచివాడు, తన పొగాకు మాకు పంచుతాడు అని. మీరు గుమ్మంలో డబ్బా పెట్టారే వకీలుకని, నేనూ వేశాను అందులో. మెండెల్ కెప్టెన్ కదా అని."

"నువ్వా?"

"ఎంతో కాదులెండి."

దుప్పటి అవతల్నుంచి ముసలి గొంతు ఒకటి లేచింది. "ఎవరే వచ్చింది? వాడి జీతం తెచ్చారా? ఎవత్తెకి పెట్టాడో చెప్పారా?"

"ఎవరూ కాదత్తయ్యా, పడుకో." బ్రైండెల్ గొంతు తగ్గించింది. "విన్నారుగా. ఎప్పుడూ ఇంటికి పంపేవాడు జీతం. ఆఖరి మూడు నెలలూ పంపలేదు. ఆఫీసువాళ్ళేమో ముట్టిందన్నారు. అప్పట్నుంచీ ఆవిడ కొడుకు చచ్చాడని ఏడవడం లేదమ్మగారూ. చెడిపోయి చచ్చాడని ఏడుస్తోంది. వాడి పేర చెయ్యాల్సిన ప్రార్థన కూడా చేయించొద్దంటోంది."

హెర్మీనా పెట్టె మీది కమ్మలకేసి చూసింది.

"నాకు డబ్బక్కర్లేదంటే అబద్ధం. ఆకలేస్తోంది, ఎందుకక్కర్లేదు? కానీ డబ్బే అయితే మీరు ఎప్పుడిచ్చినా పుచ్చుకునేదాన్ని."

"రేపు మా ఆయన ఇచ్చానంటే?" అని అడిగింది హెర్మీనా. ఎందుకడిగిందో ఆమెకే తెలీదు.

"తోరా ముందు అంటే నమ్ముతాను," అంది బ్రైండెల్. "మెండెల్ పుచ్చుకుని ఎక్కడో తగలేశాడని నమ్ముతాను. అది కూడా నమ్మకపోతే ఇంక నేను దేన్ని నమ్మాలి?"

*

ఆదివారం పొద్దున బొగ్గు మిగల్చడానికని పెద్ద హాలు తెరవలేదు. పక్కనున్న చిన్న గదిలోనే ప్రార్థన అయింది. పదిపన్నెండు మంది మగవాళ్ళు కోట్లు విప్పకుండా గోడవెంట కూర్చున్నారు. గుమ్మం దగ్గర ఒకవైపు బ్రైండెల్, ఇంకోవైపు హెర్మీనా. ఇద్దరి మధ్యా పొయ్యి, అందులో వెచ్చదనం కంటే పొగే ఎక్కువ.

రాత్రి హెర్మీనా మొగుడికి అంతా చెప్పింది, కమ్మల సంగతి, ముసలావిడ సంగతి. అతను విన్నాడు. పొద్దున గడ్డం గీసుకుంటూ రెండుచోట్ల కోసుకున్నాడు.

రబ్బీ తోరా చుట్టని తీసుకొచ్చి బల్లమీద పెట్టాడు. సన్నటి మనిషి, గొంతు ఇంకా సన్నం.

"ఒట్టు వేయించను," అన్నాడు. "నా ముందు ఎవరూ దేవుడి పేరు తియ్యనక్కర్లేదు. కెప్టెన్ మాట చెప్తే చాలు."

"చాలదు రబ్బీగారూ," అన్నాడు ఆల్ట్‌మన్. మంచి ఉన్ని కోటు, చేతికి తొడుగులు. "నిన్న అంత రచ్చ అయ్యాక మాట ఎవరిక్కావాలి? చెయ్యి పెట్టి ఒట్టెయ్యమనండి. ఊరి నోళ్ళు మూతపడాలి. అర్జీ మళ్ళీ బ్రున్‌కి వెళ్తోంది, తెలుసుగా?"

రోబర్ట్ బల్ల దగ్గరికి నడిచాడు. మామూలు నల్లకోటులో అతను చాలా చిన్నగా కనిపించాడు హెర్మీనాకి. అతను చెయ్యి ఎత్తలేదు. ఎత్తడం మర్చిపోయినట్టు నిలబడ్డాడు. ఎవరో దగ్గారు.

"పక్కకి తప్పుకో," అంటూ ఇగ్నాట్స్ లేచాడు. "వీడు చక్రవర్తి మనిషి, వీడి మాటలు అక్కడ ఇచ్చేశాడు. ఇక్కడ ఒట్టు నేను వేస్తాను."

రబ్బీ ఆయన మణికట్టు పట్టుకున్నాడు. "ఒకరి బదులు ఇంకొకరు వేస్తే చెల్లదు ఇగ్నాట్స్. నీకు తెలీదా?"

"ఒట్టు చెల్లకపోవచ్చు," అన్నాడు ముసలాయన. "పాపం నాకే తగుల్తుందిగా. అది చాలు."

గదిలో ఆ మాట అర్థమైనవాళ్ళు ఎందరో తెలీదు. హెర్మీనాకి అర్థమైంది. ఒకప్పుడు తోళ్ళ వ్యాపారి ఒకడు బాకీ ఉన్నావని ఇదే సమాజం పెద్దల ముందు కూర్చోబెడితే, సత్యం తన వైపున్నా ఒట్టు వెయ్యనని, లేని బాకీ తీర్చి ఇంటికొచ్చిన మనిషి ఈయన. అది ఈ ఇంట్లో గొప్పగా చెప్పుకునే కథ. ఆ మనిషి ఇవాళ కొడుక్కేసి చూడకుండా చెయ్యి చాపుతున్నాడు. ఆయనకి తెలుసు. నిన్న బల్ల దగ్గర అడిగి, ఆ 'అంతే' విన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది.

రబ్బీ పట్టు విడిపించుకుని ఇగ్నాట్స్ చుట్టమీది మఖమల్ గుడ్డ తాకాడు.

"వద్దు తాతా!"

బ్రైండెల్ గుమ్మం వదిలి రెండడుగులు లోపలికి వచ్చింది.

"వద్దు. చెయ్యి తీసెయ్యండి. నాకొద్దు. నేను వదులుకుంటున్నాను, అందరూ వినండి. మా మెండెల్ జీతం మాకు ముట్టింది. తాతా, మీకు పుణ్యముంటుంది, చెయ్యి తియ్యండి!"

ఇగ్నాట్స్ చెయ్యి తీశాడు. కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు. కొడుకు పాపాన్ని తను ఎత్తుకుందామనుకుంటే, తినడానికి కూడా లేని ఆ మనిషి వచ్చి దాన్ని ఎత్తుకుంది. ఆయన మళ్ళీ తల ఎత్తలేదు.

"సరే, అయిపోయింది," అన్నాడు ఆల్ట్‌మన్ చేతులు రుద్దుకుంటూ. "మంచిదానివమ్మా. మా ఇంటికి రా, మా ఆవిడ ఏదైనా ఇస్తుంది. పదండి పదండి, అందరికీ పనులున్నాయి."

హెర్మీనాకి గుండెమీంచి బండ దింపినట్టు ఊపిరి ఆడింది. కోట జైలు లేదు. అర్జీ వెళ్తుంది. జీతం వస్తుంది. ఆ ఊపిరి పూర్తిగా లోపలికి పోకముందే తన మీద తనకే అసహ్యం వేసింది. బ్రైండెల్ శాలువా సర్దుకుంటోంది. ఇంటికెళ్ళి దుప్పటి అవతలి ముసలావిడకి ఏం చెప్పాలో కూడదీసుకుంటోందేమో.

"ఇవ్వలేదు," అన్నాడు రోబర్ట్.

లేవబోయినవాళ్ళు అలాగే ఉండిపోయారు.

"మెండెల్‌కి నేను జీతం ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వలేదు. కంపెనీ డబ్బంతా ఒక ఆఫీసరు పేకాట బాకీకి ఇచ్చేశాను. పంచానని విచారణలో అబద్ధం చెప్పాను." బ్రైండెల్ వైపు తిరిగాడు, కానీ ఆమె మొహం చూడలేక ఆమె చేతులకి చెప్పాడు. "మెండెల్ దేనికీ తగలెయ్యలేదమ్మా. అతని చేతికి డబ్బు రానే లేదు. మీ అత్తగారికి చెప్పండి."

ఆల్ట్‌మన్ వెళ్ళి తలుపు వేసి, వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఇక్కడ ఎవరూ ఏమీ వినలేదు," అన్నాడు.

"ఆల్ట్‌మన్..." అన్నాడు రోబర్ట్.

"నోర్ముయ్! నీకు బుద్ధుందా? ఇది బయటికి పోతే టౌసిగ్ తిన్నాడంటారా? మనం తిన్నామంటారు. నా కొడుకు సరిహద్దులో ఉన్నాడు. వీళ్ళ కొడుకులున్నారు. రేపట్నుంచి ప్రతి సార్జెంటూ వాళ్ళ మొహాన ఇదే ఉమ్ముతాడు. నీ కోసం ఊరంతా డబ్బాలో డబ్బులు వేసిందిరా, నీ కోసం!" అతని గొంతు జీరబోయింది. అతనిది నటన కాదు, భయం. "బ్రున్ వెళ్ళి నువ్వే చెప్తానంటావు. చెప్పు. యుద్ధంలో మతి చెడిందని డాక్టరు చేత నేను రాయిస్తాను. పక్కన సాక్షి ఎవడుంటాడో చూస్తాను. బంట్రోతూ, నువ్వు విన్నావా?"

"నాకు ఈ చెవి పనిచెయ్యదండి."

"నువ్వు?"

"నేను పొయ్యి చూసుకుంటున్నాను."

గోడవెంట ఒక్కొక్కడూ తల అడ్డంగా ఊపాడు. రబ్బీ తోరా చుట్టని ఎత్తుకుని, దాన్ని దాచే మందసం దగ్గరికి వెళ్ళాడు. తెర సర్దడానికి చాలాసేపు పట్టింది ఆయనకి.

"ఇగ్నాట్స్?"

ముసలాయన నేలకేసి చూస్తూనే అన్నాడు, "వినలేదు."

"నాన్నా!"

"వినలేదన్నాను."

"ఆడవాళ్ళని అడగరేం?" అంది బ్రైండెల్.

"ఇక్కడ ఆడవాళ్ళ సాక్ష్యం చెల్లదమ్మా," అన్నాడు ఆల్ట్‌మన్ విసుగ్గా.

"ఇక్కడ చెల్లదు. బ్రున్‌లో చెల్లుతుంది." బ్రైండెల్ హెర్మీనా వైపు తిరిగింది. కళ్ళు తడిగా ఉన్నాయి. మొగుడు మంచివాడని ఇప్పుడే తెలిసిన మనిషి కళ్ళు అవి. "నా ఒక్కదాని మాట అంటే డబ్బు కోసం అన్నాననుకుంటారు. అమ్మగారూ, మీరు విన్నారు కదా? ఇప్పుడు, ఇక్కడ?"

అందరూ హెర్మీనానే చూస్తున్నారు. ఆల్ట్‌మన్ నెమ్మదిగా తల ఊపుతున్నాడు, వద్దని. రోబర్ట్ ఏ సైగా చెయ్యలేదు. ఔననో కాదనో అతను చిన్న సైగ చేస్తే బాగుండునని ఆమెకి ఎంత అనిపించిందో. అతను చెయ్యలేదు.

"విన్నాను," అంది హెర్మీనా. అక్కడితో ఆగొచ్చు. అంత చెప్పినా బ్రైండెల్ చేతులు పట్టుకుని దండం పెట్టేది. కానీ ఆ తడి కళ్ళు తనని అలా చూస్తుంటే నిలబడలేకపోయింది.

"ఇప్పుడు కాదు. నిన్న మీ దగ్గరికి వచ్చేముందే విన్నాను."